కడలి మాటకు కాలం చెల్లుతోందా?

తాళ్ళరేవు: “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య” అనే సామెత తెలియని తెలుగువాడు ఉండడు. “ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” అని మెట్ట ఊళ్ళలో సముద్రం మొహం చూడని రైతు కూడా అంటాడు. పంట పోయినవాడు “నా బతుకు చుక్కాని లేని నావ అయింది” అంటాడు. చుట్టం నాలుగు రోజులు కదలకపోతే “ఇక్కడే లంగరు వేశాడు” అని నవ్వుకుంటారు. ధాన్యం ధరలో ఆటుపోట్లు, రాజకీయాల్లో ఆటుపోట్లు అని రోజూ వింటూనే ఉంటాం. ఈ మాటలన్నీ ఎక్కడివి? అన్నీ ఓడవాళ్ళవే. వాటిని పుట్టించిన రేవులు పూడిపోయాయి. ఓడలు పోయాయి. మాటలు మాత్రం నేల మీదకు వచ్చి మన నోళ్ళలో నిలిచాయి.

అయితే నేల మీదకు రాకుండా పడవలోనే ఉండిపోయిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. వాటికే ఇప్పుడు కాలం చెల్లుతోంది. పడవలతో పాటు ఆ మాటలూ మాయమైతే పోయేది పలుకుబడి ఒక్కటే కాదు, ప్రాణం కాపాడే తెలివి కూడా పోతుంది.

కోరంగి పేరు రంగందాకా

కాకినాడ నుంచి యానాం పోయే దారిలో బస్సు దిగి చూస్తే కోరంగి నేడు మడ అడవి పక్కన ఉన్న మామూలు ఊరు. చూడడానికి వచ్చేవారు చెక్క వంతెన మీద నడిచి, మడ చెట్లు చూసి వెళ్ళిపోతారు. ఒకప్పుడు ఇది సముద్రపు ఓడలు వచ్చి ఆగిన రేవు అంటే ఆశ్చర్యం కలగకమానదు. ఇక్కడా, పక్కనే ఉన్న తాళ్ళరేవులోనూ కర్ర ఓడలు కట్టేవారు, పాత ఓడలకు మరమ్మతులు చేసేవారు. ఇక్కడి వడ్రంగుల పనితనానికి దూరదేశాల్లో పేరుండేది.

తెలుగువాళ్ళు ఓడలెక్కి బర్మాకు కూలికి పోయిన రోజుల్లో అక్కడివారు వారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఏ ఊరివాడైనా సరే, తెలుగువాడైతే కోరంగీ. ఒక రేవు పేరు ఒక జాతి పేరైపోయింది. మనవాళ్ళు రంగూనును ‘రంగం’ చేసుకున్నారు. “మా తాత రంగం వెళ్ళాడు” అనే మాట ఈ తీరంలో పాత ఇళ్ళల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. రంగూను రేవులో సరుకులు ఎత్తి దించే కూలీల్లో తెలుగువాళ్ళే ఎక్కువ. 1930 మే నెలలో వారు సమ్మె చేసినప్పుడు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టడం, తరువాత అది అల్లర్లకు దారితీయడం చరిత్రలో ఉంది.

చుక్కాని చుక్కది కాదు

ఓడవారి మాటల్లో ఒక విశేషం ఉంది. అవి ఏ ఒక్క భాషవీ కావు. ఒక్క పడవలో పది దేశాల మాటలు కలిసి కూర్చుంటాయి.

చుక్కలను చూసి నడిపించేది కాబట్టి చుక్కాని అయిందని చాలామంది అనుకుంటారు. అనుకోవడానికి బాగానే ఉంటుంది గాని, నిజం వేరు. అరబ్బీ భాషలో ఓడను తిప్పే పలకను ‘సుక్కాన్’ అంటారు. అరబ్బు వర్తకుల ఓడలతో వచ్చిన ఆ మాట మన నోట్లో చుక్కాని అయింది. లంగరు పారశీకపు మాట. బందరు కూడా పారశీకమే. ఆ భాషలో రేవును ‘బందర్’ అంటారు. మచిలీపట్నాన్ని ఉత్త ‘బందరు’ అని పిలవడం అంటే ‘రేవు’ అని పిలవడమే. ‘బందరు రేవు’ అన్నామంటే రేవు రేవు అన్నట్టే.

గోదావరిలో లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాం. పారశీకంలో ‘సర్‌హంగ్’ అంటే దళానికి నాయకుడు. బస్తాలు మోసే జట్టు కళాసీలు, రైల్వేలో కళాసీలు మనకు తెలిసినవారే. ఆ పేరు ఓడమీద పనిచేసే మనిషికి కూడా ఉండేది. రేవుల్లో క్రేను దగ్గర నిలబడిన కళాసీ బరువు ఎత్తాలంటే “హబేస్” అని, దించాలంటే “ఆర్యా” అని కేక వేస్తాడు. పెద్ద కట్టడాలు కట్టేచోట కూడా ఈ కేకలు వినవచ్చు. ఆ ‘ఆర్యా’ పోర్చుగీసు మాట. వారి భాషలో ‘అర్రియార్’ అంటే తెరచాపను దించడం. పోర్చుగీసువారు తెరచాపలు దించి ఎన్నడో వెళ్ళిపోయారు. వారి కేకతో మనవాళ్ళు సిమెంటు దిమ్మెలు దించుతున్నారు. పీపా, మేస్త్రీ అనే మాటలు కూడా వారివే.

ఇలా అన్ని భాషలూ కలిసిన ఓడ భాష ఎంత పెద్దదంటే, దాన్ని నేర్చుకోకుండా తెల్లదొరలు కూడా ఓడ నడపలేకపోయారు. మన దేశపు నావికులను వారు లాస్కర్లు అనేవారు. లాస్కర్లకు ఆజ్ఞలు ఇవ్వడానికి ఏ మాట వాడాలో చెబుతూ థామస్ రోబక్ అనే సైనికాధికారి 1811లో కలకత్తాలో ఒక నిఘంటువే అచ్చువేయించాడు.

మనం పుచ్చుకున్నవే కాదు, ఈ తీరాలు ఇచ్చినవీ ఉన్నాయి. దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టిన తెప్పను తమిళులు ‘కట్టుమరం’ అంటారు. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి ‘కెటమరాన్’ అయింది. ఇప్పుడు ప్రపంచంలో రెండు పొట్టలు జోడించి కట్టే ఖరీదైన పడవలకు కూడా అదే పేరు. సంస్కృతంలో నావను ‘నౌ’ అంటే, లాటినులో ‘నావిస్’ అంటారు. రెండూ ఒక తల్లి బిడ్డలే. నేవీ అనే ఇంగ్లీషు మాట ఆ లాటిను నావ నుంచి వచ్చిందే.

అచ్చ తెలుగు మాటలు

అన్నీ ఎరువు మాటలే అనుకోవడం పొరపాటు. ఓడ, పడవ, తెప్ప, దోనె, తెడ్డు, గెడ, రేవు, కెరటం మన ఇంటి మాటలు. తెరచాప అనే మాటనే చూడండి. తెరలా నిలబెట్టిన చాప అని ఆ మాటే చెబుతోంది. పడవ ముందు కొసను అణియం అనీ, చుక్కాని ఉండే వెనక కొసను అమరం అనీ అనేవారు. ఈ రెండు మాటలూ విని అర్థం చెప్పగల కుర్రవాళ్ళు ఇప్పుడు అరుదు.

ఇనప మేకు ఒక్కటి కూడా కొట్టకుండా, పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు ఈ తీరమంతా ఉండేవి. ఆంగ్లేయులు వాటిని ‘మసూలా’ పడవలన్నారు. మేకులు కొట్టిన పడవ ఒడ్డున కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కొంచెం వంగి, దెబ్బను ఓర్చుకుని ఒడ్డెక్కుతుంది. పెద్ద ఓడలు దూరాన నిలిచిపోతే మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టు పడవలే. వాటితోపాటే ఆ కుట్టుపని మాటలూ పోయాయి.

లోతును మనవాళ్ళు బారల్లో లెక్కపెడతారు. రెండు చేతులూ చాపితే ఎంతో అది ఒక బార, ఇంచుమించు ఆరడుగులు. తాడు కొసన బరువు కట్టి నీటిలోకి వదిలి, పైకి లాగేటప్పుడు ఎన్ని బారలు వచ్చిందో చూసుకుంటారు. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువారి ‘ఫాదమ్’ కూడా ఆరడుగులే. ఆ మాటకు పాత అర్థం కూడా చాచిన చేతులే. ఏడు సముద్రాల అవతల ఉన్నవాడు కూడా తన ఒంటితోనే సముద్రాన్ని కొలిచాడన్నమాట.

ఓడ వేగాన్ని ‘నాట్’లలో చెబుతారు. నాట్ అంటే ముడి. పూర్వం తాడుకు కొలత ప్రకారం ముళ్ళు వేసి, కొసకు చెక్క కట్టి నీటిలో పడేసేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపల చేతిలోంచి ఎన్ని ముళ్ళు జారితే ఓడ వేగం అన్ని ముళ్ళు. గంటకు ఒక సముద్రపు మైలు, అంటే 1,852 మీటర్లు నడిస్తే ఒక నాట్.

ఆటు, పోటు, రెండు ఘడియలు

సముద్రపు నీరు ఎక్కితే పోటు, తీస్తే ఆటు. గోదావరి పాయల ఒడ్డున పోటు, పాటు అని కూడా అంటారు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. ఇవాళ పొద్దున ఆరు గంటలకు పోటు వస్తే రేపు అదే పోటు ఆరుంబావు దాటాక, ఇంచుమించు ఏడు కావస్తుండగా వస్తుంది. అంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం. గడియారం లేని తాతలు దీన్ని రెండు ఘడియలుగా లెక్క కట్టారు. ఘడియకు 24 నిమిషాలు, రెండు ఘడియలకు 48. రెండు నిమిషాల తేడాతో లెక్క సరిపోయింది.

పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది. అష్టమి నాటికి తగ్గుతుంది. అందుచేతనే సముద్రం మీద బతికేవాడికి తేదీ కన్నా తిథి ముఖ్యం. మొగ దగ్గర ఇసుక మేట మీదుగా పడవ దాటించాలంటే పోటు మీద దాటించాలి. ఆటులో దిగితే మేట తగిలి పడవ తిరగబడుతుంది.

రాత్రిపూట దిక్కు చెప్పేవి చుక్కలు. వేగుచుక్క లేస్తే తెల్లవారబోతోందని, పిల్లలకోడి ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి ఎంత రాత్రి గడిచిందని చెప్పేవారు. ఉత్తరాన ధ్రువ నక్షత్రం కదలదు. కాకినాడ ఒడ్డున నిలబడి చేయి చాచి చూస్తే అది నీటి అంచుకు జానెడు కన్నా కొంచెం తక్కువ ఎత్తులో కనిపిస్తుంది. దక్షిణానికి పోయేకొద్దీ కిందికి దిగుతుంది. అరబ్బు నావికులు ఈ ఎత్తును వేళ్ళతో కొలిచేవారు. వారి కొలతకు పేరే ‘ఇస్బా’, అంటే వేలు.

రాజులు ఎరిగిన మాట

సముద్రపు మాటకు మన రాజులు కూడా విలువ ఇచ్చారు. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారనీ, తాము అలా చేయక నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామనీ ఆ శాసనం ఓడ వర్తకులకు మాట ఇచ్చింది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసించే వర్తకులను చూసి దయతో ఈ అభయం ఇస్తున్నట్టు అందులో చెప్పుకున్నాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి ఓడల మీద దూరదేశపు సరుకులు తెప్పించిన వర్తకుడే.

తండేలు తిరిగి వచ్చాడు

అక్బరు పాదుషా కాలంలో రాసిన ‘అయినీ అక్బరీ’లో ఓడమీద ఉండే ఉద్యోగుల జాబితా ఉంది. ఓడకు అధిపతి నాఖుదా. అంటే నావకు ప్రభువు. దారి తెలిసి నడిపించేవాడు మాలిం. అరబ్బీలో ఆ మాటకు గురువు అని అర్థం. చుక్కాని పట్టేవాడు సుక్కాన్‌గీర్. పనివాళ్ళ పెద్ద తండేలు. ఓడమీద దారి తెలిసినవాణ్ణి గురువు అని పిలవడం గమనించదగ్గ విషయం.

ఆ తండేలు అనే మాట గుజరాత్ రేవుల్లో ఇప్పటికీ బతికే ఉంది. పడవ పెద్దను అక్కడ తండేలు అంటారు. ఒడ్డున పని చాలక శ్రీకాకుళం, విజయనగరం తీరపు కుర్రవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస పోతున్నారు. వారి ద్వారా ఆ మాట మన పల్లెలకు వచ్చింది. 2018 చివరిలో అలా వెళ్ళినవారు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని అక్కడి గస్తీ పడవలు పట్టుకుపోయాయి. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇల్లు చేరారు. నేల మీద సరిహద్దుకు రాయి ఉంటుంది, కంచె ఉంటుంది. నీటి మీద ఏమీ ఉండదు. ఈ కథను పోలిన కథతో 2025లో సినిమా వచ్చాక తండేలు అనే మాట రాష్ట్రమంతా తెలిసింది. నాలుగు వందల ఏళ్ళ నాటి ఓడ మాట సినిమా పేరై వచ్చింది గాని, అదే పల్లెల్లో పుట్టి పెరిగిన మాటలకు ఆ అదృష్టం పట్టలేదు.

ఉప్పెన అంటే తుఫాను కాదు

ఇంతకూ ఈ మాటలు పోతే వచ్చే నష్టమేమిటి? పడవలు మారాయి, మాటలూ మారతాయి అని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. దుంగలు కట్టే తెప్ప పోయి ఫైబరు పడవ వచ్చింది. దాన్ని కూడా చాలామంది తెప్ప అనే పిలుస్తున్నారు. తెరచాప పోయి ఇంజను వచ్చింది. వెళ్ళిన చోటు గుర్తుంచుకునే యంత్రం జేబులో పట్టేంత చిన్నదైంది. పాతవన్నీ ఉండాలని ఎవరూ కోరనక్కరలేదు. కాని కొన్ని మాటల వెనక ప్రాణాలు ఉన్నాయి.

కోరంగిని 1789 డిసెంబరులో ఒక ఉప్పెన ముంచింది. 1839 నవంబరులో మరొకటి ముంచింది. వరసగా మూడు పెద్ద కెరటాలు ఊరి మీదికి వచ్చినట్టు 1789 నాటి వర్ణనలు చెబుతున్నాయి. ఆ వివరాలు చదివి తన పుస్తకాల్లో రాసిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టన్, చుట్ట చుట్టుకున్న పామును గుర్తుచేసే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు పెట్టాడు. ఆ పేరు 1848లో అచ్చయిన ఆయన నావికుల పుస్తకం ద్వారా ప్రపంచమంతా పాకింది.

సైక్లోన్ అన్నా తుఫాను అన్నా ముందు గుర్తొచ్చేది గాలి. తుఫాను మాట కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. ఉప్పెన మాత్రం మనది. దాని అర్థం వేరు. సముద్రం పైకి లేచి ఊరి మీదికి రావడం ఉప్పెన. గాలికి తలుపులు బిగించుకుని గట్టి ఇంట్లో కూర్చోవచ్చు. ఉప్పెనకు మాత్రం ఊరు విడిచి మెరకకు పోవలసిందే. 1977 నవంబరు 19న దివిసీమలో గాలితో పోయినవారి కన్నా నీటితో పోయినవారే ఎక్కువ. మృతులు పదివేలమందని ప్రభుత్వ లెక్క. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు వెళ్ళి తిరిగిరాని గంగపుత్రులు చాలామంది.

2004 డిసెంబరు 26 దాకా సునామీ అనే మాట మన తీరంలో ఎవరికీ తెలియదు. అది జపాను మాట. ‘సు’ అంటే రేవు, ‘నామి’ అంటే అల. ఒక్క రోజులో ఆ మాట చిన్నపిల్లల నోటికి కూడా వచ్చింది. దెబ్బ తిన్నాక మాట నేర్చుకోవడం కన్నా, మాట తెలిసి దెబ్బ తప్పించుకోవడం మేలు కదా!

జెండా అంకెల భాష

రేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికలు కూడా ఓడవారి భాషే. రేడియోలోనూ టీవీలోనూ “ఫలానా రేవులో మూడో నెంబరు” అంటే విని ఊరుకుంటాం. ఆ అంకెల అర్థం తీరపు ఊళ్ళవారందరికీ తెలిసి ఉండాలి.

ఒకటి అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఏర్పడింది. రెండు అంటే అది దూరానే తుఫానుగా మారింది. మూడు అంటే రేవుకు ఈదురుగాలుల బెడద ఉంది. నాలుగు అంటే రేవుకు తుఫాను బెడద ఉంది గాని, ఇంకా గట్టి జాగ్రత్తలు పడేటంత కాదు. అయిదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. తుఫాను రేవును ఎడమపక్కన ఉంచి దాటేటట్లయితే అయిదు, కుడిపక్కన ఉంచి దాటేటట్లయితే ఆరు, రేవు మీదుగా గాని దగ్గరలో గాని దాటేటట్లయితే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస. కాకపోతే అవి తీవ్రమైన తుఫానుకు వేసే మహా ప్రమాద సూచికలు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి. అంటే, ఇక ఎవరూ చెప్పేవారు లేరు, మీ జాగ్రత్త మీరే చూసుకోవాలని అర్థం.

అంకె పెద్దదైతేనే భయపడాలనుకోవడం సరికాదు. అయిదుకూ ఏడుకూ తేడా తుఫాను బలంలో లేదు, అది దాటే చోటులో ఉంది.

మెట్రులు ఒకరివి, బారలు ఒకరివి

హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం చేపలు దొరికే చోట్లను ఉపగ్రహాల సాయంతో గుర్తించి, ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు పోవాలో, అక్కడ లోతు ఎన్ని మీటర్లో చెబుతుంది. ఎంతో మేలు చేసే సమాచారమిది. కాని పాతతరం వేటగాడి లెక్క బారల్లో ఉంది. 20 బారలంటే 36 మీటర్లు దాటుతుంది. ఈ రెండు భాషల మధ్య వంతెన వేసేవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉండాలి. తాతకు మీటరు తెలియదు, మనవడికి బార తెలియదు. ఇద్దరూ ఒకే పడవలో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

పెద్దవాళ్ళు బతికి ఉండగానే ఆ మాటలను రాసి పెట్టుకోవలసిన అవసరం ఉంది. ఇందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. తీరపు ఊళ్ళ బడుల్లో ఒక్కో పిల్లవాడు తన తాతనో, నాయనమ్మనో అడిగి పది మాటలు నోటు పుస్తకంలో రాసుకొస్తే చాలు. పడవ భాగాల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు, నీటి రంగు చూసి చెప్పే గుర్తులు, ఒక్కో ఊరికి ఒక్కో రకంగా ఉంటాయి. ఉపాధ్యాయులు వాటిని ఒకచోట చేర్చితే అదే ఒక నిఘంటువు అవుతుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒక దొర తన అవసరానికి చేసిన పనిని మన పిల్లల కోసం మనం చేసుకోలేమా?

“ఏరు దాటి తెప్ప తగలేసినట్టు” అని మరో సామెత ఉంది. ఇంజను వచ్చిందని, యంత్రం వచ్చిందని పాత మాటలను తగలేయడం కూడా అలాంటిదే. ఏరు దాటాం నిజమే. ఇంజను మొరాయించిన రాత్రి, యంత్రంలో బ్యాటరీ అయిపోయిన రాత్రి, వెనక్కి రావలసింది మళ్ళీ ఆ ఏరు మీదుగానే.